పెదాలు కలవని చోట

మూడోసారి కూడా పెదాలు కలవలేదు. తెరమీద ఆ మహాతల్లి నోరు ఒకటి పలుకుతోంది, స్టాండు మీది కాగితం ఇంకోటి పలకమంటోంది, మధ్యలో పాపమ్మ గొంతు ఎటూ పోలేక నిలబడిపోయింది. హెడ్‌ఫోన్లలో మూడు బీపులు వినిపించాయి, నాలుగోది వినపడాల్సిన చోట నోరు తెరిచి "ఈ గొంతు నాక్కానుకండీ, దేవుడిచ్చినది" అంది, అంటూ ఉండగానే తెలిసిపోయింది కుదరలేదని. అద్దం అవతలనుంచి డైరెక్టరు మైకులో "బ్రహ్మాండంగా ఉందమ్మా, ఇంకొక్కటి తీసుకుందాం" అన్నాడు. బ్రహ్మాండంగా ఉంటే ఇంకొక్కటి దేనికి నాయనా అని పళ్ళు నూరుకుంది. ఇంతలో అతని ఫోను మోగింది. "ఐదు నిమిషాలమ్మా, మీరు అక్కడే ఉండండి" అని బయటికి వెళ్ళిపోయాడు. ఆ ఐదు నిమిషాలు ఎంతసేపు ఉంటాయో ముప్ఫై ఏళ్ళుగా ఈ చీకటి డబ్బింగు గదిలో నిలబడ్డ మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. తెరమీద బొమ్మ మాత్రం ఆగలేదు, అదే ముక్క తిరిగి తిరిగి వస్తోంది, చప్పుడు లేకుండా: కుర్చీలో కూర్చున్న మేడమ్, మోకాళ్ళ మీద చేతులు, ఒకసారి కిందికి చూసి తలెత్తడం, ఆ రెండు మాటలు, ఆ తర్వాత ఏమీ లేదు, మళ్ళీ మోకాళ్ళ మీద చేతులు.

దేవుడిచ్చినదట. పొద్దున్న కాగితం చేతికి రాగానే ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు, నలభై ఒక్క సినిమాలు, ఆ మొహానికి నవ్వూ ఏడుపూ అరుపూ ఆయాసమూ అన్నీ ఈ గొంతులోంచే పోశాక, ఇప్పుడు ఆవిడ జీవితం మీద డాక్యుమెంటరీ తీస్తూ, మీ స్వరం ఇంత బాగుంటుంది కదా దాని రహస్యం ఏమిటి మేడమ్ అని అడిగి, దానికి జవాబు కూడా పాపమ్మనే పిలిచి చెప్పిస్తున్నారు. దొంగతనం చేసినవాడు సొమ్ముగలాయన చేతే మూట మోయించినట్టుంది. రానని చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఫోనులో డైరెక్టరు "మీరు తప్ప ఎవరూ చెయ్యలేరమ్మా" అన్నాడు, ఆ ముక్కకి పడిపోయింది. యాభై ఒక్క ఏళ్ళొచ్చినా ఆ ముక్కకి పడిపోతూనే ఉంది, సిగ్గులేని చెవులు. ఇదిగో ఇప్పుడు చేతి గడియారం కూడా తీసి బ్యాగులో పెట్టి, చప్పుడు చెయ్యని నూలు బట్టలు వేసుకుని, పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని, బుద్ధిగా కూర్చుంది, తన ఆస్తిని ఇంకొకరికి రాసిచ్చే కాగితం చదవడానికి.

పాపమ్మ అన్న పేరు కూడా ఈ గదే పెట్టింది. ఇరవయ్యో ఏట ఇక్కడికి వచ్చినప్పుడు ఆమెకిచ్చినవన్నీ చంటిపిల్లల ఏడుపులే. ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టడం, రద్దీలో తప్పిపోయిన పిల్ల అమ్మా అని వెతకడం, జ్వరంలో మూలగడం. పాప గొంతు కావాలి, పాపని పిలవండి, పాప వచ్చిందా, అలా అలా పాపమ్మ అయింది. అద్దం వెనక కూర్చునే సౌండు ఇంజనీరు పెట్టిన పేరు అది. ఆయన్ని తను అన్నా అని పిలుస్తుంది. ఇద్దరూ ఈ గదిలోనే నెరిసిపోయారు. తొమ్మిదేళ్ళు ఏడ్చాక ఒకరోజు ఆ అన్నే అన్నాడు, "కొత్త హీరోయిన్ వచ్చిందమ్మా, మొహం చూస్తే కళ్ళు తిప్పుకోలేం, నోరు తెరిస్తే చెవులు మూసుకోవాలి. ఒకసారి చెప్పి చూస్తావా?" అని. చూసింది. షూటింగులో రికార్డయిన ఆవిడ సొంత గొంతు, వీళ్ళు పైలట్ ట్రాక్ అంటారు, అది మొదటిసారి చెవిలో పడ్డప్పుడు పాపమ్మకి నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. నీళ్ళు తక్కువొచ్చే కుళాయిలా సన్నగా, ముక్కులోంచి, మధ్యమధ్య ఆగిపోతూ. ఆ కుళాయి కట్టేసి తన గొంతు పెట్టింది. సినిమా నడిచింది. నడవడమేమిటి, పరిగెత్తింది. ఆవిడ మొహం కన్నా ముందు ఆవిడ గొంతు ఇంటింటికీ వెళ్ళింది, రేడియోలో, బస్సుల్లో, పెళ్ళిళ్ళ మైకుల్లో. సినిమా అయిపోయాక, లైట్లు వేశాక, జనం గొడుగులూ బ్యాగులూ వెతుక్కుంటూ తలుపుల వైపు తోసుకుంటున్నప్పుడు, ఇంకో పదకొండు పేర్ల మధ్య పాపమ్మ పేరు కిందనుంచి పైకి పోయేది. తన పేరు వచ్చేదాకా సీట్లోంచి లేవనిది ఆ హాలు మొత్తంలో తనొక్కతే, అడ్డంగా కూర్చున్నందుకు తిట్లు కూడా తిన్నది తనే.

జనానికి తెలియడం అంటే ఏమిటసలు? ఈ ఊళ్ళో ఏ ఇంటి తలుపు ముందైనా నిలబడి "ఎవరండీ లోపల?" అంటే చాలు, లోపలున్న పిల్లా జెల్లా పరిగెత్తుకొస్తారు. తలుపు తీసి పాపమ్మని చూసి, ఆవిడేదీ అని పాపమ్మ భుజం మీదుగా వెనక్కి తొంగిచూస్తారు. అంతే తనకొచ్చిన పేరు, తన వెనక ఎవరున్నారో వెతికించే పేరు. ఒకసారి కూరగాయల కొట్లో, అరకిలో టమాటాలివ్వండి, మెత్తబడ్డవి వెయ్యకండి అందో లేదో, తూకం పక్కన పెట్టేశాడు కొట్టువాడు. "అచ్చం ఆవిడే అండీ! ఎన్నాళ్ళు ప్రాక్టీసు చేశారు?" అని అడిగాడు. వెనకనుంచి ఒకావిడ పక్కావిడతో "కొందరికి అదో పిచ్చి" అంది, వినపడేలాగే. టమాటాలు అక్కడే వదిలేసి వచ్చేసింది. ఆ గొంతు నాదేరా, ఆవిడది కాదు అని నడిబజార్లో అరిచినా ఏమవుతుంది, ఆ అరుపు కూడా బాగా చేశారంటారు.

కూతురి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. రెండో తరగతిలో ఉండగా పిల్ల పొంగిపోతూ బళ్ళో చెప్పిందట, ఆ గొంతు మా అమ్మదేనని. పిల్లలు అబద్ధాలకోరు అన్నారు. టీచరు ఇంకో అడుగు ముందుకేసి డైరీలో రాసి పంపింది: మీ పాప గొప్పలు చెబుతోంది, గమనించగలరు. మర్నాడు పాపమ్మ పని మానుకుని బడికి వెళ్ళింది. టీచరు ముందు కూర్చుని, మా పాప అబద్ధం చెప్పలేదండీ అంది. అనగానే టీచరు మొహం వెలిగిపోయింది. ఎంత బాగా అనుకరిస్తున్నారండీ, మా వార్షికోత్సవానికి ఒక ఐటమ్ చెయ్యకూడదూ అంది. పిల్ల తలుపు దగ్గర నిలబడి తల్లి మొహంలోకి చూస్తోంది, ఇప్పుడు అమ్మ గట్టిగా చెబుతుంది అని. పాపమ్మ చెప్పలేదు. చెప్పిన కొద్దీ అనుకరణే అవుతుందని అర్థమైపోయి లేచి వచ్చేసింది. ఆ తర్వాత పిల్ల ఎక్కడా ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు దానికి, ఉద్యోగం చేసుకుంటోంది, మీ అమ్మగారేం చేస్తారంటే ఇంట్లోనే ఉంటారు అని చెబుతుందట.

ఇంట్లోనే ఉండే ఆ మనిషికి ఇంట్లోనూ గొంతు లేదు. మొగుడు బస్సు డిపోలో టైమ్‌కీపరు, చెడ్డవాడేం కాదు, నోట్లో నాలుక లేని మనిషి. ఒకరోజు ఏదో మాటకి మాట పెరిగి, ఆ మాటేమిటో కూడా గుర్తులేదు, పాపమ్మకి అరికాలి మంట నెత్తికెక్కి "నన్నేమనుకుంటున్నారు మీరు?" అని అరిచింది. ఆయన తల దించుకున్నాడు. సిగ్గుపడ్డాడనుకుంది. చూస్తే భుజాలు కదులుతున్నాయి, నవ్వాపుకుంటున్నాడు. ఏమిటంటే ఆ కోర్టు సీను గుర్తొచ్చిందట, ఆ మెట్ల మీద మేడమ్ సరిగ్గా అలాగే అంటుంది కదా అన్నాడు. మేడమ్ ఎక్కడందయ్యా, అన్నది నేను, ఆ రోజు నాలుగు గంటలు ఇదే గదిలో నిలబడి, గొంతు చించుకుని, రక్తం చుక్క పడ్డాక ఓకే అన్నారు. ఆ కోపం ఎక్కడిదనుకున్నావు, మీ అన్నయ్య మీద ఏడాదిగా మింగుకున్నదంతా అక్కడ కక్కాను. నా కోపం తీసుకెళ్ళి తెరమీద అమ్మేశారు, ఇప్పుడు నా కోపం నేను వాడుకుంటే నకలు అంటున్నారు. అదేమీ ఆయనతో అనలేదు. ఆ రోజునుంచి ఇంట్లో గుసగుసగా కోప్పడటం నేర్చుకుంది. మరీ పట్టలేకపోతే గిన్నెలు గట్టిగా పెడుతుంది, గిన్నెల చప్పుడు ఏ సినిమాలోనూ ఆవిడది కాదు కాబట్టి.

తెరమీద మళ్ళీ తలెత్తింది. ఎంత చక్కటి మొహం, పాడుమొహం. వయసు పైబడ్డా చెంపలు జారలేదు. ఉత్తమ నటి అవార్డు వచ్చిన ఏడాది టీవీలో చూసింది, ప్రశంసాపత్రం చదువుతున్నాయన ముఖ్యంగా ఆమె స్వరం అన్నాడు, రెండుసార్లు అన్నాడు. ఆవిడ వేదికెక్కి, తల వంచి, మెడల్ వేయించుకుని, ఒక్క ముక్క మాట్లాడకుండా దిగిపోయింది. మర్నాడు పేపర్లలో ఆవిడ మౌనం ఎంత హుందాగా ఉందో రాశారు. పాపమ్మ విసిరిన రిమోటుకి వెనక మూత ఊడిపోయింది, దానికి ఇప్పటికీ రబ్బరు బ్యాండే. ఒక్క పేరు, ఒకే ఒక్క పేరు, నోరు తెరిచి అనడానికి ఆవిడ సొమ్మేం పోయేది? ముఖాముఖి చూసింది కూడా ఒక్కసారే. ఎనిమిదేళ్ళ కిందట, ఈ గది బయట వరండాలో. చుట్టూ మేకప్ వాళ్ళు, మేనేజరు, గొడుగు పట్టేవాడు. ఆవిడ గుంపులోంచి ఇవతలికి వచ్చి, దగ్గరగా వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "నిన్న మీరు ఏడ్చింది విన్నానక్కా" అంది, గుసగుసగా. అంతే, వెళ్ళిపోయింది. దేనికి ఆ గుసగుస? పదిమందిలో అంటే పరువు తక్కువా? దొంగసరుకు కొన్నవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడింది. ఎనిమిదేళ్ళుగా ఆ గుసగుసని నమిలి నమిలి ఉమ్మేస్తోంది పాపమ్మ.

మళ్ళీ మోకాళ్ళ మీద చేతులు. మళ్ళీ తలెత్తడం. పెదాలు ఎందుకు కలవడంలేదో ఇప్పుడైనా చూద్దామని, కోపంతోనే, కాగితం మూసి తెరవైపు చూసింది. ఈ పూటంతా ఇదే గొడవ. పైలట్ ట్రాక్ వెయ్యమంటే, ఆ రోజు పక్క వీధిలో రోడ్డు తవ్వుతున్నారమ్మా, అంతా చెత్త, వినడం దండగ అన్నాడు డైరెక్టరు. సరేలెమ్మని నోరు చూసే చెప్పుకొచ్చింది, ఆ నోరు తనకి కొత్తా? ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాటకి ముందు కిందిపెదవి తడుపుకుంటుందో ఆవిడకైనా తెలుసో లేదో గానీ పాపమ్మకి తెలుసు. ఇక కాగితం రాసినవాడెవరో, ఆ డైరెక్టరే అయ్యుంటాడు, అక్షరాలు లెక్కపెట్టాడు. ఎన్ని అక్షరాలు పలికితే అన్నీ సరిగ్గా వేశాడు, మెచ్చుకోవాలి. పెదాలు మాత్రం లెక్కపెట్టలేదు. ఈ పని చేసేవాళ్ళు మొదటిరోజే నేర్చుకునేది అది: పలికేటప్పుడు పెదాలు రెండూ కలిసే అక్షరాలు కొన్నే ఉంటాయి, అవి ఎక్కడ పడితే అక్కడ కాగితంలోనూ అలాంటిదే పడాలి, లేకపోతే ఎంత గొప్ప గొంతయినా అతికించినట్టే ఉంటుంది. ఈ గొంతు అన్నంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మాటా సరిపోతోంది. ఆ తర్వాత, దేవుడిచ్చినది అని తను నోరు తెరుచుకుని ఉన్న చోట, ఆవిడ పెదాలు మూతపడ్డాయి. విడిపోయి మళ్ళీ మూతపడ్డాయి. మూడోసారి మూతపడి, ఒక క్షణం అలాగే ఒత్తుకుని ఉండి, అప్పుడు విడిపోయాయి.

పాపమ్మ స్టూలు మీదనుంచి లేచింది. బొమ్మ మళ్ళీ వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడింది. ఒకటి, రెండు, మూడోది ఒత్తి. తనుకూడా గొంతు లేకుండా ఉత్త పెదాలతో కదిపి చూసింది. ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి కదిపింది. ఆ ముందు మాట కూడా ఇప్పుడు చదవడానికి వచ్చేసింది, కానుకండీ కాదు. ఈ గొంతు నాది కాదండీ. పాపమ్మ గారిది. ఇరవై రెండేళ్ళు ఆ నోట్లో తన మాటలు పోస్తూ వచ్చింది, ఆ నోటినుంచి తన పేరు రావడం చూస్తోంది, అదీ చప్పుడు లేకుండా. మొదట వచ్చింది సంతోషం కాదు. ఎవరో చాచి లెంపకాయ కొట్టినట్టయింది. ఆ వెనకే కోపం, ఇంతకుముందున్న కోపం కాదు, అది చిన్నది. ఇది తన పేరు. ఎప్పుడో ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆవిడ నోరు తెరిచి అంటే, దాన్ని తుడిచెయ్యడానికి తననే పిలిచారు. తన గొంతుతో తన పేరు మీద మట్టి కప్పించడానికి. మీరు తప్ప ఎవరూ చెయ్యలేరమ్మా అంటే ఇదన్నమాట. మూడుసార్లు చేసింది కూడా. బ్రహ్మాండంగా ఉందన్నారు.

అద్దం వైపు తిరిగింది. "అన్నా, నీకు తెలుసా ఇది?"

అవతల సౌండు ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకెందుకమ్మా ఇవన్నీ. నాకు ట్రాక్ ఆపెయ్యమన్నారు, ఆపేశాను" అన్నాడు.

ఇంతలో డైరెక్టరు తలుపు తోసుకుని వచ్చి కూర్చున్నాడు. "సారీ అమ్మా, లేటయింది. రెడీయేనా?" అన్నాడు. పాపమ్మ రెడీ అంది. కాగితం తిరగేసి స్టాండు మీద పెట్టింది. బొమ్మ చూసుకోండి, నాకు కాగితంతో పనిలేదు అనుకుంది. మూడు బీపులు. ఆవిడ తలెత్తింది. "ఈ గొంతు నాది కాదండీ. పాపమ్మ గారిది" అంది పాపమ్మ, నిండు గొంతుతో, ఆ ముప్ఫై ఏళ్ళ గొంతుతో. పెదవి పెదవికి అతికింది. "అన్నా, వేసి వినిపించు" అంది. ఆయన డైరెక్టరు వైపు చూడకుండానే వినిపించాడు.

విని గెలిచాననుకుందామని చెవులు రిక్కించింది. వినపడింది వేరు. తన గొంతు, ఏ అనుమానమూ లేని తన గొంతు, తియ్యగా, తీరుగా, ఈ గొంతు నాది కాదండీ అంటోంది. తన గొంతుని తనే కాదనుకుంది. ఆ మొహం మీద ఆ మాట ఇంతకుముందుదానికన్నా పెద్ద అబద్ధంలా ఉంది. రేపు హాల్లో విన్నవాళ్ళు ఏమంటారు? ఎంత వినయం, అంత చక్కగా మాట్లాడుతూ కూడా నాది కాదంటోంది, గొప్పవాళ్ళకి గర్వం ఉండదు అంటారు. పాపమ్మ అంటే ఎవరో ఆవిడ ఇష్టదేవత అనుకుంటారు. నిజం కూడా తన గొంతులోకి వచ్చేసరికి నకలైపోయింది. తనకున్నదల్లా ఆ ఒక్క గొంతు, ఆ ఒక్క మాట చెప్పడానికి లోకంలో ఇంకెవరి గొంతైనా పనికొస్తుంది, ఇది తప్ప. హెడ్‌ఫోన్లు సరిచేసుకుంటున్నట్టు చెవుల మీద రెండు చేతులూ గట్టిగా పెట్టుకుంది.

"అది స్క్రిప్టులో లేదమ్మా" అన్నాడు డైరెక్టరు, మెల్లిగా.

"ఆవిడ నోట్లో ఉంది. పైలట్ వెయ్యండి."

"చెప్పాను కదా, రోడ్డు తవ్వుతున్నారు..."

"అన్నా, వెయ్యి" అంది పాపమ్మ. ఈసారి గొంతు పెంచలేదు. అన్న కత్తిరించని ట్రాక్ పెట్టి ఒక మీట పైకి తోశాడు.

రోడ్డూ లేదు, తవ్వకమూ లేదు. నిశ్శబ్దమైన గది, ఎక్కడో ఫ్యాను. ఆ కుళాయి గొంతు. సన్నగా, ముక్కులోంచి, ఆగి ఆగి. "ఈ గొంతు నాది కాదండీ. పాపమ్మ గారిది." ఆ తర్వాత ఇందాకటిదాకా కనపడని భాగం, డైరెక్టరు కత్తిరించేసిన భాగం, అది కూడా వచ్చింది. "నేను కొట్లో ఏదీ అడగనండీ, వేలితో చూపిస్తాను. నోరు తెరిస్తే నవ్వుతారని. ఒకసారి ఆస్పత్రిలో కూడా, మా నాన్న పోయినప్పుడు, గట్టిగా ఏడవలేదు. చుట్టూ జనం ఉన్నారు. మర్నాడు సినిమాలో ఆవిడ ఏడిస్తే విని, అప్పుడు ఏడ్చాను." కెమెరా వెనకనుంచి డైరెక్టరు గొంతు: "మేడమ్, ఇది వద్దు, ఇంకోలా చెబుదాం." ఆ కుళాయి గొంతు, ఈసారి ఆగకుండా: "ఇంకోలా లేదండీ."

అన్న మీట కిందికి దించాడు. పాపమ్మ తెరవైపు చూడలేకపోయింది. ఇన్నేళ్ళూ తిట్టుకోడానికి ఒక మనిషి ఉండేది, నిద్ర లేస్తే ఆ మొహం పోస్టరు మీద కనపడేది, సుఖంగా తిట్టుకునేది. ఆ సుఖం కూడా లాగేసుకున్నారు. గుసగుస ఎందుకో ఇప్పుడు తెలిసింది, తెలిసినందుకు ఒళ్ళు ఇంకా మండింది. ఒకత్తేమో మొహం లేకుండా బతికింది, ఇంకొకత్తి నోరు లేకుండా. ఇద్దరినీ కలిపి కుట్టి ఒక మనిషిని చేసి అమ్ముకున్నారు, ఆ మనిషిని ఊరూరా ఎరుగుదురు, వీళ్ళిద్దర్నీ ఎవరూ ఎరగరు. రేపు ఇది బయటపడితే తన సంగతేమిటి? తన ఇంటి ముందుకీ వస్తారు, ఒక డైలాగు చెప్పండి, ఒక నవ్వు నవ్వండి, ఒకసారి ఏడవండి అని. టమాటాలు తనుకూడా వేలితో చూపించుకోవాలేమో. భయం వేసింది, నిజంగానే. అయినా ఆ పేరు చెరపనివ్వడానికి మనసొప్పలేదు. భయపడుతూ ఆవిడ చెప్పింది కదా.

"ఆ ఒక్క మాటా ఆవిడ గొంతులోనే ఉంచండి" అంది. "మిగతా నలభై నిమిషాలూ నేను చెబుతాను."

"అది కుదరదమ్మా. మొదట్నుంచీ మీ గొంతు వింటూ, ఉన్నట్టుండి అది వస్తే జనం ఏమైపోతారు? డబ్బు పెట్టినవాళ్ళు నన్ను బతకనిస్తారా? అభిమానుల మనసు విరిగిపోతుంది." అతని మొహం పాలిపోయి ఉంది, వాణ్ణి చూసి జాలిపడే ఓపిక పాపమ్మకి లేదు. "మీరు కాదంటే చెప్పండి, సాయంత్రానికి ఇంకో ఆర్టిస్టుని పిలుస్తాను" అన్నాడు.

"పిలవండి. మొదటి మాటకే పట్టుకుంటారు."

"ఎవరు?"

"అందరూ. కూరగాయల కొట్టువాడు, బళ్ళో టీచరు, మా ఆయన. నేనెవరో వాళ్ళకి తెలియదు బాబూ, కానీ ఎవరు నేను కాదో తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళు విన్నారు. ఆవిడ గొంతు గురించి తీసే సినిమాలో ఆవిడ గొంతు లేదంటే మీ అభిమానులు ఏం విరగ్గొడతారో మీరే చూసుకోండి."

అద్దం అవతల డైరెక్టరు ఒకసారి ఫోను చేతిలోకి తీసుకున్నాడు, ఎవరికీ చెయ్యకుండా పెట్టేశాడు. సౌండు ఇంజనీరు కుర్చీ వెనక్కి జరిపి, ఆయన్ని ఎవరూ అడక్కపోయినా, "ఆ ముక్క క్లీనుగానే ఉంది సార్, వాడుకోవచ్చు" అన్నాడు. డైరెక్టరు మొహం చేతులతో రుద్దుకున్నాడు. ఒక్క మాటేనా అన్నాడు. ఇంకోలా లేదండీ అన్నదాకా అంది పాపమ్మ. అతను తల ఊపాడు, ఒప్పుకున్నట్టు కాదు, ఓడిపోయినట్టు. ఓడిపోతే పోనీ అనుకుంది. ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసుకుని గుక్కెడు తాగి, కాగితం తిప్పి తరవాతి ముక్క చూసింది. అభిమానులకేం చెబుతారు మేడమ్ అని ప్రశ్న. జవాబు ఒక్క వాక్యం.

దీపాలు ఆరాయి. తెరమీద ఆ మొహం కెమెరాలోకి సూటిగా చూసింది, కిందిపెదవి తడుపుకుంది. మూడు బీపులు. "ఇన్నేళ్ళూ మీరు నన్ను విన్నారు" అంది పాపమ్మ. తేనె పుయ్యలేదు, చివర్న ఆవిడ కోసం ఎప్పుడూ వేసే చిన్న నవ్వు వెయ్యలేదు. వంటింట్లో గిన్నెలకిచ్చే గొంతు అది, మొదటిసారి మైకుకిచ్చింది. పెదాలు సరిగ్గా కలిశాయి.

"సింకు బాగుందమ్మా" అన్నాడు డైరెక్టరు. "కానీ ఇంకొక్కటి తీసుకుందామా, కొంచెం ప్రేమగా? ఇది కోపంగా ఉంది."

"కోపంగానే ఉంది" అంది పాపమ్మ. "అలాగే ఉంచండి."